రోవనియెమీనా, ట్రోమ్సోనా?

చిన్నపిల్లలతో మంచులో ఆడటానికే వెళ్తుంటే నా ఓటు ఫిన్లాండ్‌లోని రోవనియెమికే. ఆర్కిటిక్ వలయం అంచున ఉన్న ఈ ఊళ్ళో జనవరిలో చలి ఒక్కోసారి మైనస్ 30 డిగ్రీలకు దిగుతుంది. వినడానికి భయంగా ఉన్నా అది పొడి చలి. మంచు బియ్యప్పిండిలా చేతిలోంచి జారిపోతుంది, ముద్ద చేద్దామన్నా కట్టదు, బట్టలూ తడవవు. ఊరిని ఆనుకునే ఔనస్వారా కొండ ఉంది. స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవారికి అక్కడ చిన్న వాలులు ఉన్నాయి. హెల్సింకిలో రాత్రి రైలెక్కితే పొద్దుటికి దిగవచ్చు. బెర్తుల మీద పిల్లలు నిద్రపోవడం మాట దేవుడెరుగు, కిటికీని వదలరు.

నార్వేలోని ట్రోమ్సో ఇంకా ఉత్తరాన ఉంది. అయినా వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని చలి తక్కువ. జనవరి సగటు సున్నాకు కొద్ది డిగ్రీలే దిగువ. చిక్కల్లా తడితోనే. కరిగి మళ్ళీ గడ్డకట్టిన కాలిబాట అద్దంలా మెరుస్తుంది. బూట్లకు తొడుక్కునే ముళ్ళ పట్టీలు లేకుండా గడప దాటకండి. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కాసేపు నీలి వెలుగు, అంతే. ఐదేళ్ళ పిల్లలకు ఆ చీకటి విసుగు పుట్టిస్తుంది. పదిహేనేళ్ళవారికైతే అదే సరదా: కేబుల్ కారులో 421 మీటర్ల ఎత్తుకు వెళ్ళి, పైన మంచులో నడక, కింద దీపాల ఊరు.

రైలు ట్రోమ్సోకు లేదు, విమానమే సులువు. జేబుకు రెండూ బరువే, నార్వే భోజనం మరీను.