బారువ మునిగిన ఓడ దగ్గర స్కూబా డైవింగ్: లోతు తక్కువే గానీ తేలిక కాదు

శ్రీకాకుళం జిల్లా బారువ తీరానికి ఎదురుగా మునిగి ఉన్న చిల్కా అనే ఆవిరి ఓడ శకలాల దగ్గరికి పర్యాటకులను తీసుకెళ్లే ఒక డైవింగ్ సంస్థ సేవల గురించి ఇది రాస్తున్నాను. శిక్షకుల పనితనం మెచ్చుకోదగినది. ప్రచారం చేసుకునే తీరుపైనే నాకు అభ్యంతరం ఉంది.

లోతు తక్కువ కనుక ఎవరైనా సులభంగా దిగవచ్చని ఫోనులో చెబుతారు. అయితే నీటి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపయ్యేది మొదటి 10 మీటర్లలోనే కాబట్టి, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ, చెవులు సర్దుకున్నాకే కిందికి దిగాలి. జలుబు ఉన్నవారు ఆ రోజుకు మానుకోవడమే మంచిది. పైగా లోతు లేని చోట కెరటాల ఊపు అడుగుదాకా తగులుతుంది. మనిషిని ముందుకు తోసి, వెంటనే వెనక్కి లాగే ఆ ఊపులో, తుప్పుపట్టి అంచులు పదునెక్కిన ఇనుప రేకుల పక్కన నిలకడగా ఉండడం కొత్తవారికి పరీక్షే.

ఈ సంగతి శిక్షకుడికి బాగా తెలుసు. “చేతులు కట్టుకోండి సార్, ఇనుము ముట్టుకోవద్దు” అని పడవలోనే రెండుసార్లు చెప్పాడు. ప్రత్యేక శిక్షణ లేనివారిని శకలాల లోపలికి పోనివ్వనని ముందే తేల్చేశాడు. కింద ఒక వంగిన ఇనుప దూలానికి తెగిన వల చిక్కుకుని ఊగుతోంది. గుల్లలు దట్టంగా పట్టిన ఆ దూలం నీడలో ఒక లయన్ ఫిష్ ముళ్లు విప్పుకుని కదలకుండా ఉంది. దాని ముళ్లలో విషం ఉంటుంది కనుక, చేతులు కట్టుకోమనడం ఓడ కోసమే కాదని అక్కడ అర్థమవుతుంది. ఇలాంటి ఇనుము చేపలకు ఆశ్రయం, వలలకు గండం. మన మత్స్యకారులకు ఆ రెండూ తెలుసు.

అసలు అసంతృప్తి నీటి మసకతో వచ్చింది. మహేంద్రతనయ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది కాబట్టి, ఎగువన వానలు పడితే బురదనీరు ఈ వైపు వస్తుంది. మేము వెళ్లిన రోజు చేయి చాచినంత దూరం దాటితే అంతా పచ్చటి మసకే. ఆ సంగతి పడవ ఎక్కకముందే చెప్పి, వాయిదాకు అవకాశం ఇచ్చి ఉండాల్సింది. డబ్బు కట్టించుకున్నాక మాత్రం వాయిదా ఊసే లేదు.

విశాఖ నుంచి విమానంలో తిరిగి వెళ్లేవారికి చెప్పాల్సిన జాగ్రత్తను కూడా ఒడ్డుకు వచ్చాకే చెప్పారు. ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. టికెట్టు తీసుకునే ముందే ఈ లెక్క చూసుకోండి. వానలు తగ్గి నీరు తేరుకున్నదో లేదో కూడా బయలుదేరే ముందు రోజు ఫోను చేసి గట్టిగా అడగండి.