ఆవేలో అప్పు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇండియాలో ఈథర్ అనే క్రిప్టో అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను. అందుకే అమ్మకుండా, బ్యాంకు ప్రమేయం లేకుండా క్రిప్టో మీద అప్పిచ్చే ఆవే అనే ఆన్‌లైన్ వ్యవస్థలో దాన్ని తాకట్టు పెట్టి, యూఎస్‌డీసీ (డాలరుతో సమానంగా ఉండే క్రిప్టో) అప్పు తీసుకుంటూ వస్తున్నాను. సిబిల్ స్కోరు అడగరు, సంతకాలు లేవు, తీర్చడానికి గడువూ లేదు. వడ్డీ మాత్రం నిలకడగా ఉండదు. పూల్‌లో, అంటే అప్పులిచ్చే ఉమ్మడి నిధిలో, అప్పులు పెరిగితే అదీ పెరుగుతుంది.

రోజూ చూసుకోవాల్సింది హెల్త్ ఫ్యాక్టర్. తాకట్టు విలువని లిక్విడేషన్ పరిమితితో (తాకట్టు విలువలో అప్పు ఎంత శాతం దాటితే తాకట్టు పోతుందో ఆ హద్దు) గుణించి, అప్పుతో భాగిస్తే వచ్చే అంకె అది. 10,000 డాలర్ల ఈథర్ ఉంది, పరిమితి 80 శాతం అనుకుందాం. 4,000 అప్పుంటే ఫ్యాక్టర్ 2, ధర సగానికి పడేదాకా టెన్షన్ లేదు. అదే 7,000 తీసుకుంటే 12.5 శాతం పడగానే 1కి వచ్చేస్తుంది. ఈథర్ ఒక్క రాత్రిలో అంత పడిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

1 కంటే దిగితే ఎవరో ఒకరు, ఎక్కువగా బాట్లే (ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు), మన అప్పులో కొంత కట్టేసి, దానికి సరిపడా ఈథర్‌ని బోనస్‌తో కలిపి తీసుకుపోతారు. ఆవే వీ3 వెర్షన్‌లో ఫ్యాక్టర్ 0.95 కంటే కిందికి పోతే అప్పు మొత్తం కట్టేసే వీలుంది. బ్యాంకులో బంగారం కుదువ పెడితే వేలానికి ముందు నోటీసైనా వస్తుంది. ఇక్కడ అదీ ఉండదు.

ఖాతాలన్నీ బయటికి కనిపిస్తాయి కాబట్టి ఇతరుల అప్పులూ గమనిస్తుంటాను. చాలామంది చిక్కుల్లో పడేది ధర పెరిగిన రోజుల్లోనే. ఫ్యాక్టర్ కాస్త పైకి ఎక్కగానే ఇంకా లిమిట్ ఉంది కదా అని మళ్లీ తీసుకుంటారు, దాంతో మళ్లీ ఈథరే కొంటారు. పడే రోజున చేతిలో డాలరు ఉండదు. పైగా ఆరోజు నెట్‌వర్క్ కూడా కిక్కిరిసిపోతుంది. 2020 మార్చి 12న ఈథర్ 40 శాతానికి పైగా పడినప్పుడు ఆవే లాంటిదే అయిన మేకర్‌లో కొన్ని తాకట్లు వేలంలో సున్నా బిడ్‌కే పోయాయి. పాపం, వాటి యజమానులకి మిగిలిందేమీ లేదు.

నేను ఫ్యాక్టర్‌ని 2 కంటే దిగనివ్వను. అప్పులో కొంత భాగానికి సరిపడా యూఎస్‌డీసీ అదే వాలెట్‌లో ఖాళీగా ఉంచుతాను. ధర పడుతున్నప్పుడు తాకట్టు పెంచడం కంటే అప్పు తగ్గించడమే మేలని నా నమ్మకం, ఎందుకంటే కొత్తగా పెట్టిన ఈథర్ కూడా అదే ప్రమాదంలో పడుతుంది. అలర్ట్ యాప్‌ల మీద మాత్రం ఆధారపడొద్దు. నేను వాడిన ఒకటి, ధర కుప్పకూలిన రోజే మెసేజ్ ఆలస్యంగా పంపింది.

చిన్న మొత్తాలైతే ఇథీరియం మెయిన్‌నెట్ (ఈథర్ అసలు నెట్‌వర్క్) కన్నా, దాని మీదే నడిచే చవకైన నెట్‌వర్క్ ఆర్బిట్రమ్‌లో తీసుకోండి. అక్కడ కొంచెం కొంచెంగా కట్టుకుంటూ పోయినా గ్యాస్ ఫీజు (ప్రతి లావాదేవీకీ నెట్‌వర్క్‌కి కట్టే రుసుము) భారం కాదు.