సొంతంగా చేసుకున్న మేపుల్ నెక్: కొన్నేళ్లు వాయించాక నా సమీక్ష

నా ఎలక్ట్రిక్ గిటారుతో వచ్చిన నెక్, అంటే తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి మెడ భాగం, మెలి తిరిగిపోవడంతో, దాని స్థానంలో హార్డ్ మేపుల్‌తో నేనే ఒక నెక్ తయారు చేసుకున్నాను. తిరుపతిలోనే కొన్నేళ్లుగా దాన్ని రోజూ వాయిస్తున్నాను. నెక్ ముందుకో వెనక్కో వంగితే దాని లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని తిప్పి సరిచేసుకోవచ్చు గానీ, మెలి తిరిగితే ఆ రాడ్ చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఒక్కటే: మన ఎండలకూ వానలకూ ఈ కొయ్య తిన్నగా నిలిచిందా, లేదా?

నిలిచింది. అందుకు ముఖ్య కారణం కలపను ఎంచుకున్న తీరూ, దాన్ని ఆరనిచ్చిన తీరూ అని నా నమ్మకం. హార్డ్ మేపుల్ మన అడవుల్లో దొరికే కలప కాదు కాబట్టి, చెన్నైలో దిగుమతి కలప అమ్మే చోటికి వెళ్లి, కొసన చూస్తే వలయాల గీతలు నిలువుగా కనిపించే పలకను ఏరుకున్నాను. అలా కోసిన పలక తేమ మారినప్పుడు మెలి తిరగడం తక్కువ. యంత్రాల్లో ఎండబెట్టి పంపే మేపుల్‌లో తేమ సాధారణంగా 6 నుంచి 8 శాతమే ఉంటుంది. మన గాలిలోకి వచ్చాక అది కొంత తేమ పీల్చుకుంటుంది. ఆ మార్పు ఏదో చిత్రిక పట్టక ముందే జరిగిపోవాలని, పలకను నాలుగు వైపులా గాలి తగిలేలా సన్నని పుల్లల మీద పెట్టి, వానాకాలం దాటేవరకు ముట్టుకోలేదు. పనిలో తొందర ఉన్నవారికి ఇది విసుగు పుట్టిస్తుంది. అయినా ఈ మెట్టును దాటవేయవద్దనే నా సలహా.

శేషాచలం పక్కనే ఉండి ఎర్రచందనం ఎందుకు వాడలేదని చాలామంది అడుగుతారు. ఆ కలపను అనుమతి లేకుండా కొనడం, తరలించడం నేరం. అదీగాక, నీటిలో మునిగిపోయేంత బరువున్న ఆ చేవతో నెక్ చేస్తే, మెడకు పట్టీ వేసుకుని నిలబడగానే గిటారు తల కిందికి వాలిపోతుంది. టేకు నిలకడైన కలపే గానీ, మేపుల్ కంటే మెత్తన, పైగా దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. వీణకు తరతరాలుగా వాడుతున్న పనస గొప్ప కలపే, కానీ సుమారు 45 కిలోల తీగల లాగుడును అంత సన్నని నెక్ మీద మోయడానికి నేను దాన్ని నమ్ముకోలేను.

కొలతల విషయంలో రాజీ పనికిరాదు. నాది అమెరికా కంపెనీ ఫెండర్ తరహా గిటారు. నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) వరకు 648 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే తరువాతి ఫ్రెట్ (వీణ మెట్టు లాంటి అడ్డ లోహపు పట్టీ) ఎక్కడ పడాలో తెలుస్తుంది: మొదటిది నట్ నుంచి 36.4 దగ్గర, రెండవది 70.7 దగ్గర, పన్నెండవది సరిగ్గా సగంలో, అంటే 324 దగ్గర. గుర్తులన్నీ నట్ నుంచే కొలిచి పెట్టాలి. ఒక ఫ్రెట్ నుంచి మరొక ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే వెంట్రుకవాసి తేడాలు పోగుపడి, పై ఫ్రెట్ల దగ్గర స్వరం తప్పుతుంది. ఇప్పటికీ నా గిటారులో పన్నెండవ ఫ్రెట్ పైన కూడా శ్రుతి నిక్కచ్చిగా పలుకుతోంది.

1950ల నాటి ఫెండర్ నెక్‌లలో ఒకే మేపుల్ ముక్కకు వెనుక నుంచి గాడి తీసి, ట్రస్ రాడ్ పెట్టి, దాన్ని వాల్‌నట్ పట్టీతో మూసేవారు. నేను మాత్రం రెండు వైపులకూ పనిచేసే రాడ్‌ను ముందు నుంచి దించి, పైన విడిగా మేపుల్ ఫ్రెట్‌బోర్డు, అంటే ఫ్రెట్లు దిగ్గొట్టే పలక, అతికించాను. జిగురులోని నీటిని కూడా కొయ్య పీలుస్తుంది కాబట్టి, బిగింపు తీసిన వెంటనే చిత్రిక పట్టకుండా కొన్నాళ్లు వదిలేశాను. వెనుక భాగం గుండ్రం తీసే పనికి, మాధవమాల వైపు కొయ్య బొమ్మలు చెక్కే ఒక పనివారి సాయం తీసుకున్నాను. మొదటి గంటలోనే ఆయన ఉలి అంచు చూపించి, "ఇది మన టేకు మాదిరి కాదు సామీ, మాటిమాటికీ నూరుకోవాల" అన్నారు. నిజమే, మేపుల్ అంత గట్టిది. నెక్‌ను బాడీకి బిగించే నాలుగు స్క్రూలకు ముందుగా 3 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, మరలకు కొవ్వొత్తి మైనం రుద్దకపోతే, స్క్రూ తల తెగి లోపలే ఉండిపోతుంది.

ఫ్రెట్‌బోర్డు వంపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రోజువారీ వాడకంలో నాకు ఎక్కువ సుఖం ఇచ్చింది అదే. నేను గిటారు మీద కీర్తనలు వాయిస్తాను. తోడి గాంధారాన్ని ఊపాలంటే తీగను పక్కకు బాగా లాగాలి. పాత ఫెండర్ల 184 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు గుండ్రని బోర్డు మీద అలా లాగితే, తీగ పై ఫ్రెట్‌కు తగిలి స్వరం మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని 305 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో, చదునుకు దగ్గరగా బోర్డు తీర్చి, ఎత్తైన ఫ్రెట్లు దిగ్గొట్టాను. ఇప్పుడు తీగ ఎత్తు తక్కువగా ఉంచినా గమకం చివరిదాకా నిలుస్తుంది. దుకాణంలో దొరికే నెక్‌లలో నా చేతికి ఇంత బాగా కుదిరినది నేను చూడలేదు.

ఇక కాలం చూపిన మార్పులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో నెక్ కొద్దిగా ముందుకు వంగుతుంది, మే ఎండల్లో ఆ వంపు తగ్గి నట్ వైపు మొదటి ఫ్రెట్ల దగ్గర తీగలు గరగరమంటాయి. ఏడవ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య పావు మిల్లీమీటరు సందు ఉండేలా ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నని రేకులతో) చూసుకుని, రాడ్‌ను కొద్దిగా తిప్పితే చాలు. మోటారు మెకానిక్‌లు వాడే గేజే దీనికి సరిపోతుంది. మొదటి వేసవిలో కొయ్య అడ్డంగా కుంచించుకుని ఫ్రెట్ల కొసలు వేలికి గుచ్చుకున్నాయి. సన్నని ఆకురాయితో వాటిని నునుపు చేశాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. మెలి అయితే అసలే లేదు. కొస నుంచి కన్ను పెట్టి చూస్తే రెండు అంచులూ ఇప్పటికీ ఒకే వరుసలో కనిపిస్తాయి.

పూత విషయంలో నా తృప్తి సగమే. వెనుక వైపు పట్టించిన టంగ్ నూనె చేతికి హాయిగా ఉంటుంది, చెమట పట్టినా అంటుకోదు. ఏడాదికోసారి తుడిచి మళ్లీ పట్టిస్తే సరిపోతుంది. ఫ్రెట్‌బోర్డు మీద వేసిన పల్చటి పాలీయురేథేన్ మాత్రం, ఐదు నుంచి తొమ్మిదవ ఫ్రెట్ మధ్య నా వేళ్లు ఎక్కువగా ఆడే చోట అరిగిపోయి, అక్కడ కొయ్య బూడిద రంగుకు తిరిగింది. మేపుల్‌కు చెమట మురికి ఇంకితే వదిలించడం కష్టం కాబట్టి, బోర్డు మీద పూత మరికొంచెం మందంగా ఉండడమే మంచిది.

శబ్దం గురించి నాకు తోచింది చెబుతాను. కొయ్య మారినందువల్ల స్వరం పూర్తిగా మారిపోయిందని నేను అనను. ఆ పని పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి) చేసినంతగా నెక్ చేయదు. కానీ నెక్ మడమ, అంటే బాడీకి బిగించే కొస, 56 మిల్లీమీటర్ల వెడల్పుతో బాడీ గూటిలో సందు లేకుండా కూర్చోవడం వల్ల, తీగ మీటాక నాదం మునుపటి కంటే ఎక్కువసేపు నిలుస్తోంది.

గమకాల వల్ల మొదటి అయిదు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గాళ్లు పడ్డాయి. నేను వేసినవి నికెల్ సిల్వర్ ఫ్రెట్లు. ఒకసారి ఆకురాయితో సమం చేసి, తలలు మళ్లీ గుండ్రం తీశాను. మరోసారి సమం చేయడానికి ఎత్తు మిగిలే ఉంది. అది కూడా అరిగాక స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేస్తాను. వాటిని కత్తిరించడం, గుండ్రం తీయడం కష్టమే అయినా, ఇంతగా తీగను పక్కకు లాగి వాయించేవారికి అవే తగినవి.