లండన్‌లో ఒక శుక్రవారం: రఫాయెల్, లియొనార్డో గీతల్లో వెలుగునీడలు

రినైజాన్స్ (యూరప్ కళా పునరుజ్జీవన) కాలపు మతచిత్రాల డ్రాయింగులంటే ముందు ఫ్లోరెన్స్ గుర్తొస్తుంది. చేతిలో ఒక్క రోజే ఉంటే మాత్రం మా ఓటు లండన్‌కే, అదీ శుక్రవారానికి. నేషనల్ గ్యాలరీ ఆ రోజు రాత్రి 9 దాకా ఉంటుంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 10 దాకా అంటారు గానీ పొద్దుపోయాక అన్ని గదులూ తెరవరు, కనుక ముందు అక్కడికే వెళ్లండి. రెండు చోట్లా ప్రవేశం ఉచితం.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో ఉన్నవి వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ గోడలకు వేలాడదీసే తెరల నేతకోసం ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ 1515–16లో వేసిన 7 భారీ నమూనాలు. నేతలో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి ఆయన కూర్పంతా తిరగేసి వేశాడు. చేపల అద్భుతం బొమ్మలో క్రీస్తు వస్త్రం తెల్లగా, నీళ్లలో దాని ప్రతిబింబం ఎర్రగా కనిపిస్తాయి. అది చిత్రకారుడి చమత్కారం కాదు. వస్త్రానికి వేసిన ఎరుపు వెలిసిపోయింది, నీటిలోది నిలిచింది. అద్దం మెరుపు అడ్డొస్తే కాస్త పక్కకు జరిగి చూడండి.

సాయంత్రం పికడిలీ లైన్‌లో లెస్టర్ స్క్వేర్‌లో దిగితే నేషనల్ గ్యాలరీ నడిచేంత దూరమే. అక్కడున్న పెద్ద డ్రాయింగులో లియొనార్డో డా వించి 8 కాగితాలు అతికించి, బొగ్గుతో, తెల్లసుద్దతో క్రీస్తు తల్లి మరియను, ఆమె తల్లి ఆన్‌ను, ఇద్దరు పసివాళ్లను గీశాడు. ఎత్తు 141.5 సెం.మీ. కాగితాన్ని వెలుతురు తినేస్తుంది కనుక దాన్ని మసక వెలుతురులోనే ఉంచుతారు. వచ్చీ రాగానే ఏమీ కనబడక తిరిగి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఓ 5 నిమిషాలు కళ్లను అలవాటు పడనివ్వండి. ముందు దూరం నుంచి చూస్తే ఆ ఇద్దరు స్త్రీల తలలూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. కింద ఏ మోకాలు ఎవరిదో తేలదు, నీడ ఇద్దరినీ కలిపేసింది. దగ్గరికెళితే కాగితం రంగే నడిమి ఛాయగా పనిచేస్తోందని తెలుస్తుంది. ముఖాల్లో గీత అంతు చిక్కదు, ఆన్ పైకి చూపే చెయ్యి మాత్రం వట్టి గీతే.

బసకు రస్సెల్ స్క్వేర్ వైపు బాగుంటుంది, హీత్రో నుంచీ అదే పికడిలీ లైన్. పాత ఇళ్లను మార్చిన హోటళ్లలో లిఫ్టు లేనివి చాలా ఉన్నాయి, బుక్ చేసేముందే అడగండి. బ్రిటిష్ మ్యూజియం నడక దూరమే. అక్కడి డ్రాయింగుల అధ్యయన గదికి ముందే అపాయింట్‌మెంట్ కావాలి, లోపల రాసుకోవడానికి పెన్సిల్ మాత్రమే.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1508లో నీలి కాగితంపై గీసిన ప్రార్థించే చేతుల కోసమే వియన్నా టికెట్ కొనకండి. అక్కడి ఆల్బర్టీనా మ్యూజియం అసలు ప్రతిని అరుదుగా బయటపెడుతుంది.