హవానాలో 18 డాలర్ల సిగారు, విన్యాలెస్‌లో 4 డాలర్ల సిగారు

క్యూబా రాజధాని హవానాలో నేనూ బావగారూ దిగిన హోటల్ దుకాణంలో ఒక్కొక్కటి 18 డాలర్ల చొప్పున రెండు సిగార్లు తీసుకున్నాం. పదేళ్ల పాతవి కాబట్టే ఆ ధర అన్నాడు అమ్మకందారు. గదికి వచ్చి వేళ్ల మధ్య మెల్లగా నొక్కగానే పై ఆకు పెళుసుగా చీలిపోయింది. అంటిస్తే వేడి పొగ గొంతులో మండటం తప్ప రుచి అన్నదే లేదు. తిరిగి తీసుకోమని అడిగితే, పాత సరుకు అలాగే ఉంటుందని చెప్పి మొహం తిప్పుకున్నాడు. తేమ లేని గాజు బీరువాలో ఏళ్ల తరబడి ఎండిపోయినదానిని పక్వానికి వచ్చినదని అమ్మడం మోసమే. బావగారు ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్కడి నుంచి పొగాకు పండే విన్యాలెస్ లోయకు బస్సులో సుమారు 180 కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఒక ఇంట్లో గది 25 డాలర్లు, మనిషికి అయిదు డాలర్లకు ఫలహారం, రెండూ బాగున్నాయి.

1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ లోయలో ఒక రైతు తన తాటాకు కొట్టంలోకి తీసుకువెళ్లాడు. దండెలకు గుచ్చిన ఆకును అక్కడ దాదాపు యాభై రోజులు గాలికి ఆరబెడతారు, తరువాత మండె కట్టి, అంటే కుప్పగా పేర్చి, పులియనిస్తారు. గోదావరి లంకల్లో పొగాకు పండించిన తాతగారి ఇంట పెరిగిన బావగారికి ఆ ఘాటు తగలగానే మొహం విప్పారింది. మండె లోపల పుట్టే వేడికి ఆకులోని అమ్మోనియా బయటికి పోతుందని ఆయనే నాకు వివరించారు.

పంటలో 90 శాతం ప్రభుత్వానికి ఇచ్చి, మిగిలినదానితో ఆ రైతు సొంతంగా సిగార్లు చుట్టుకుంటాడు. ఆ ఉదయం చుట్టినదొకటి, ఏడాది కిందట అదే పొలం ఆకుతో చుట్టి దేవదారు పెట్టెలో దాచినదొకటి మా ముందు పెట్టాడు. మొదటిది నాలుక మీద కారంగా, కాస్త చేదుగా తగిలింది. రెండవది మెత్తగా, వేయించిన గింజల వాసనతో, చివరిదాకా ఒకే తీరున కాలింది. ధర నాలుగు డాలర్లు. హోటల్‌లో పెట్టిన 36 డాలర్లకు ఇవి తొమ్మిది వచ్చేవి.

చుట్టిన తరువాత కూడా లోపలి ఆకుల్లో పులియడం చాలా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. మిగిలిన అమ్మోనియా పోతుంది, హెచ్చుతగ్గులుగా ఉన్న తేమ సమమవుతుంది, ఘాటైన లిహేరో, తేలికైన సెకో, బాగా మండే వొలాడో ఆకుల నూనెలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఇదంతా 65 నుంచి 70 శాతం తేమలో, చల్లని చోట ఉంచితేనే జరుగుతుంది. తేమ పోతే నూనెలు కూడా పోతాయి, ఆ తరువాత ఎన్నేళ్లు దాచినా ప్రయోజనం లేదు.

నడి ఈనె తీసేస్తే నికోటిన్ అంతా పోతుందని అక్కడి మార్గదర్శకులు చెప్పే మాటను నమ్మవద్దు. నికోటిన్ ఈనెలో కన్నా ఆకు రేకులోనే ఎక్కువ.

కొత్తవారు కడుపు నిండా తిన్న తరువాతే, సన్నని, పొట్టి సిగారుతో మొదలుపెట్టడం మంచిది, పరగడుపున తల తిరుగుతుంది. నోటిలో పెట్టుకునే కొసన ఆకుతో మూసిన మూతను కొద్దిగా మాత్రమే కత్తిరించి, మంటను ఆకుకు తాకనీయకుండా చుట్టూ తిప్పుతూ అంటించాలి. పొగను నోటిలోనే ఉంచి వదలాలి, నిమిషానికి ఒక్కసారికి మించి లాగితే వేడెక్కి చేదెక్కుతుంది. తేనెలో ముంచి ఇస్తే వద్దనండి, ఆకు రుచి తెలియదు. మింగకపోయినా నోటికీ గొంతుకూ హాని తప్పదు కాబట్టి దీనిని రోజువారీ అలవాటుగా మార్చుకోకూడదు.

హవానాలోనే కొనవలసి వస్తే, పెట్టె అడుగున కొట్టిన నెల, సంవత్సరం ముద్రను చూపించమని అడగండి, తేమ కొలిచే ముల్లు ఎంత చూపిస్తోందో మీ కళ్లతో చూడండి. సిగారును నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. నొక్కనివ్వని దుకాణంలో డబ్బు తీయకండి.