షిల్లాంగ్‌లో భారత్–బంగ్లాదేశ్ మ్యాచ్: రూమ్ దగ్గరే దెబ్బ

షిల్లాంగ్‌లో మ్యాచ్ చూడాలంటే టికెట్ కన్నా ముందు రూమ్ సంగతి తేల్చుకోండి. 2025 మార్చి 25న భారత్–బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ ఆసియన్ కప్ క్వాలిఫయర్ కోసం ఊరి నడిబొడ్డున ఉన్న పోలీస్ బజార్ దగ్గరి ఒక లాడ్జిలో రూ.2,200కి డబుల్ రూమ్ ఆన్‌లైన్‌లో బుక్ అయింది. తీరా వెళ్తే కౌంటర్లో ‘మ్యాచ్ రేటు రూ.3,800, ఇష్టమైతే ఉండండి’ అన్నారు. ఇది పచ్చి మోసం. ‘హోటల్లో చెల్లిస్తాం’ అనే బుకింగ్‌ని కాదన్నా వాళ్లకి పైసా నష్టం లేదు, అదీ వాళ్ల ధైర్యం. గీజర్‌లో బకెట్ దాటి వేడినీళ్లు రాలేదు, దుప్పటి నిండా చెమ్మ వాసన. వెంట వచ్చిన బావగారు జర్కిన్‌తోనే పడుకుని, పొద్దున్న ఎవరితోనూ మాట్లాడలేదు. కాబట్టి డబ్బు ముందే కట్టేయండి, ఫోన్ చేసి రేటు వాట్సాప్‌లో రాయించుకోండి.

గువాహటి నుంచి షేర్ సుమో తలకి రూ.400, ఏ ఇబ్బందీ లేదు.

స్టేడియం పోలో గ్రౌండ్స్ అనే చోట ఉంది. పోలీస్ బజార్ నుంచి దిగుడు దారి, నడిచి వెళ్లిపోవచ్చు. ఆట 0–0. తొలి నిమిషంలోనే మన గోల్‌కీపర్ విశాల్ కైత్ బంతిని ప్రత్యర్థి కాళ్లకి అందించాడు. వాళ్లు ఖాళీ గోల్ వదిలేశారు కాబట్టి బతికిపోయాం. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిపించిన మనోలో మార్కెజ్ కోచ్‌గా ఉండీ మిడ్‌ఫీల్డ్ ఇంత చప్పగా ఆడటం బాధ కలిగించింది.

అయినా ఆ ఊళ్లో ఆ మ్యాచ్ చూడాల్సిందే. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్ 1874లో అస్సాం ప్రావిన్సులో చేరింది, ఆ ప్రావిన్సుకి రాజధాని షిల్లాంగే. 1947 జులై ప్రజాభిప్రాయ సేకరణ (రెఫరెండం)తో సిల్హెట్‌లో చాలాభాగం తూర్పు పాకిస్తాన్‌కి పోయింది. బంగ్లాదేశ్ తరఫున ఆ రాత్రే తొలిసారి ఆడిన హంజా చౌధురి తల్లి కుటుంబానిది ఆ సిల్హెట్ ప్రాంతంలోని హబీగంజ్.

ఆట ముగిసేసరికి తొమ్మిది. అప్పటికి ఊరు దాదాపు మూసేస్తారు, టాక్సీ దొరకదు, ఎక్కుడు దారిలో నడకే. అందుకే మధ్యాహ్నమే కడుపునిండా తినాలి. స్థానిక ఖాసీల హోటల్లో జాదో ప్లేటు రూ.150: పంది మాంసంతో వండిన ఎర్రటి అన్నం, పక్కన తుంగ్‌తాప్. కాల్చిన ఎండుచేపల్ని పచ్చిమిర్చితో నూరిన ఆ పచ్చడి రుచికి బావగారు మళ్లీ మాటల్లో పడ్డారు. పంది మాంసం తిననివాళ్లు ముందే అడిగి కోడి జాదో చెప్పుకోండి, మధ్యాహ్నం రెండు దాటితే అది మిగలదు.