ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ థెరపీ: చికిత్స ముగిసిన చాలా ఏళ్లకు ఒక మాజీ సైనికుడి సమీక్ష

చికిత్స పూర్తయిన వారంలోనే రాసి ఉంటే ఈ సమీక్షలో పొగడ్తలు ఎక్కువయ్యేవి, మధ్యలో రాసి ఉంటే తిట్లు తప్ప మరేమీ ఉండేవి కావు. ఏళ్లు గడిచాక చూస్తే ఈ పద్ధతి నాకు ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో విడివిడిగా కనిపిస్తోంది.

పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసును ఏళ్ల తరబడి వదలని భయానికీ వేదనకూ వాడే ఈ పద్ధతిని అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించారు. సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సెషన్లు, ఒక్కొక్కటి సుమారు 90 నిమిషాలు ఉంటాయి. అన్నింటికంటే బాధపెట్టే సంఘటనను కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టుగా, వర్తమాన కాలంలో చెప్పాలి. ఆ రికార్డింగును ఇంటికి తీసుకెళ్లి రోజూ వినాలి. దీనితోపాటు, ప్రమాదం లేకపోయినా భయంతో మానేసిన చోట్లకు ఒక పట్టిక ప్రకారం తిరిగి వెళ్లడం మొదలుపెట్టాలి.

నా సంఘటన మందుపాతర పేలుడు. ముందున్న వాహనం ఎగిరిపడింది, నేను వెనకదాంట్లో ఉన్నాను. పేలుడుకూ, నేను ఆ వాహనం దగ్గరకు చేరడానికీ మధ్య చాలాసేపు కొయ్యబారి నిలబడిపోయానన్న నమ్మకంతోనే ఏళ్ల తరబడి బతికాను. సెషన్లలో థెరపిస్టు పెద్దగా ఓదార్చలేదు, సలహాలూ ఇవ్వలేదు, ఆగిన ప్రతిచోటా "తర్వాత ఏం జరుగుతోంది?" అని మాత్రమే అడిగేవారు. అలా చెప్పుకుంటూ పోయినప్పుడు, ఆ మధ్యలో గట్టు వైపు నుంచి కాల్పులు వచ్చాయనీ, నేను చాటుకు చేరి వైర్‌లెస్‌లో కబురు పంపాననీ, పక్కవాడి రక్తం ఆపడానికి గుడ్డ బిగించాననీ నా గొంతే రికార్డింగులో నాకు వినిపించింది. ఇవేవీ నేను మరచిపోయినవి కావు, ఒక వరుసలో పెట్టి ఎన్నడూ చూసుకోనివి. ఈ చికిత్సలో నాకు దక్కిన అసలు ప్రయోజనం ఈ వరుసే.

బయట చేయాల్సిన అభ్యాసాలు పైకి అల్పంగా కనిపిస్తాయి. నా పట్టికలో క్షురకుడి కుర్చీ ఉండేది: మెడ దగ్గర కత్తి, వీపు వెనక మనుషుల అలికిడి, కళ్లు మూసుకోవాలి. సినిమా హాల్లో మధ్య వరుస మరొకటి. కూర్చోగానే ఆందోళనకు 0 నుంచి 100 వరకు ఒక అంకె వేసుకోవాలి, అది చెప్పుకోదగ్గంత దిగేదాకా లేవకూడదు. 80 దగ్గర లేచి వచ్చేస్తే ఆ చోటంటే ఉన్న భయం మరింత గట్టిపడుతుంది, అందుకే తొందర ఉన్న రోజున మొదలుపెట్టకపోవడమే మేలు.

లోపాల్లో మొదటిది, తొలి వారాలు. పీడకలలు పెరిగాయి, ఇంట్లో వాళ్ల మీద అరుపులు పెరిగాయి. ఇలా జరగవచ్చని వారికి ఎవరూ చెప్పలేదు. మొదట నేను వెళ్లిన క్లినిక్‌లో 45 నిమిషాలకే ముగించి, ఆందోళన శిఖరాన ఉన్నప్పుడు బయటకు పంపేవారు; వేరే చోటికి మారాకే చికిత్స దారిలో పడింది. సగంలో మానేసేవారు తక్కువేమీ కాదు, వారిలో కొందరికి ధైర్యం చాలక కాదు, ఇలాంటి నిర్వహణ వల్లే అనుకుంటాను. ఇక మద్యం తాగి రికార్డింగు వినడం, వేరే పని చేసుకుంటూ వినడం, నా అభిప్రాయంలో విననట్టే లెక్క.

పీడకలల విషయంలో ఫలితం సగమే. తర్వాత డాక్టరు ప్రజోసిన్ రాశారు. అది మొదట రక్తపోటుకు వచ్చిన మందు. మాజీ సైనికులపై జరిగి 2018లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో దానికీ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు. నాకు మాత్రం కొంత పనిచేసింది, మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగడం ఒక్కటే ఇబ్బంది.

భయం తగ్గినంతగా అపరాధభావం తగ్గలేదు. "ఆలస్యం చేశాను" అన్నది పోయింది గానీ, చనిపోయిన స్నేహితుడి గురించి "వాడి సీట్లో నేనుండాల్సింది" అన్నది పోలేదు. ఇలాంటి ఆలోచనలతో నేరుగా వాదించేందుకు, సాధారణంగా 12 సెషన్లుండే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ ఉంది. భయం కంటే నేరభావం బరువుగా ఉన్నవారు మొదటే దాని గురించి అడగడం మంచిది. పోయిన స్నేహితుడి కోసం పడే దుఃఖాన్ని మాత్రం ఏ చికిత్సా తీసేయాలని నేను కోరుకోను.

ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారు ముందుగా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఇది ఆ తర్వాతే. మిగిలినవారికి ఈ పద్ధతిని సిఫార్సు చేస్తాను, అయితే రెండు షరతులున్నాయి: థెరపిస్టుకు ఈ పద్ధతిలోనే ప్రత్యేక శిక్షణ ఉండాలి, తొలి వారాలు ఎలా ఉంటాయో ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి.